ఫోన్‌కి సందేశం వస్తోంది, మరి తల్లికి తీరిక?

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పోయకూడదు. ఒకప్పుడు నర్సమ్మ చెప్పిన ఈ మాట ఇప్పుడు ఫోన్లో వినిపిస్తోంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 జనవరిలో మొదలుపెట్టిన ‘కిల్కారీ’ పథకం కింద, నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 వాయిస్ కాల్స్ వస్తాయి. చదువు రాని తల్లులకు ఎస్సెమ్మెస్ కంటే ఇది నయమే. ఈ ప్రయత్నాన్ని మేము తీసిపారెయ్యడం లేదు. కానీ ఆ కాల్ ఎవరి చేతికి చేరుతోంది, విన్న తల్లి దాన్ని పాటించే స్థితిలో ఉందా అని అడుగుతున్నాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం దేశంలో సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతం. తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. ఫోన్ ఉన్నవాళ్లలోనూ మెసేజ్ చదవగలిగినవాళ్లు 71 శాతమే. మిగతా ఇళ్లలో రిజిస్టర్‌లోకి ఎక్కేది భర్త నంబరో, మామ నంబరో. ఆ ఫోన్ పగలంతా వాళ్ల జేబులోనే ఉంటుంది.

మధ్యప్రదేశ్‌లోని నాలుగు జిల్లాల్లో, ఫోన్ అందుబాటులో ఉన్న సుమారు 5 వేల మంది గర్భిణులపై కిల్కారీ ఫలితాలను పరిశీలించారు. 2022లో ఆ వివరాలు వెలువడ్డాయి. గర్భనిరోధక పద్ధతుల వాడకం కొంత పెరిగింది. ఆరు నెలలు తల్లిపాలే పట్టే విషయంలో మాత్రం కాల్స్ వచ్చినవారికీ రానివారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

తల్లులకు తెలియక పాలివ్వడం లేదన్నది ఇలాంటి పథకాల వెనకున్న ఊహ. మన వాడల్లో సంగతి వేరు. తెల్లారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలికి, మిరప కోతకు ఆటోలో పక్క ఊరు వెళ్లే కూలి తల్లికి ఆ మాట తెలుసు. మధ్యాహ్నానికి రొమ్ములు సలుపుతుంటాయి, బిడ్డ ఇంటి దగ్గర ముసలవ్వ ఒళ్లో ఏడుస్తుంటుంది. పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. ఇక్కడ కొరవడింది సమాచారం కాదు, కూలి పోకుండా బిడ్డ దగ్గర ఉండే వీలు.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల జీతంతో సెలవు ఇచ్చింది. పొలం కూలికి ఆ సెలవు ఎవరిస్తారు? 2013 ఆహార భద్రతా చట్టం కనీసం 6,000 రూపాయలు ఇస్తామంది. మాతృ వందన పథకం మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000. రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే 6,000. ఆ 5,000ను 26 వారాలకు పంచితే రోజుకు 27 రూపాయలు. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టం చెప్పింది. ఎన్ని పనిచోట్ల అలా పెట్టారో మన ఊళ్లలో అడిగితే తెలుస్తుంది.

అందుకే సందేశాలు ఆపమనడం లేదు, మార్చమంటున్నాం. పాలు పట్టమని చెప్పే కాల్‌లోనే ఆమెకు రావలసిన డబ్బెంత, అది రాకపోతే ఎవరిని అడగాలి అన్నదీ చెప్పాలి. ఆమె తిరిగి మాట్లాడే వీలుండాలి. దక్షిణాఫ్రికాలో 2014లో మొదలైన ‘మామ్‌కనెక్ట్’లో తల్లులు మెసేజ్‌తో సందేహాలు అడగొచ్చు, ఆసుపత్రి తీరుపై ఫిర్యాదు కూడా చేయొచ్చు. మన దగ్గర ఎస్సీ, ఎస్టీ తల్లుల్లో ఎందరు కాల్ పూర్తిగా విన్నారో విడిగా లెక్క తీసి బయటపెట్టాలి.

వాడల్లో సర్వేలకు వెళ్లే విద్యార్థులు, కార్యకర్తలు ప్రశ్నావళిలో మూడు ప్రశ్నలు చేర్చాలని కోరుతున్నాం: రిజిస్టర్‌లో ఉన్నది ఎవరి నంబరు? కాన్పయ్యాక ఎన్నో రోజున పనికి వెళ్లావమ్మా? పథకం డబ్బు ఎన్ని నెలలకు చేతికొచ్చింది? ఈ జవాబులు చేతిలో ఉంటే కలెక్టరేట్ ముందు అడగడానికి మనకు ఆధారం ఉంటుంది.