పుదుచ్చేరి మురుగులో విషవాయువు: నానో సెన్సర్ పసిగడితే సరిపోతుందా?

2024 జూన్ 11 ఉదయం. పుదుచ్చేరిలోని రెడ్డియార్‌పాళయం, పుదునగర్. మరుగుదొడ్డికి వెళ్లిన ఓ వృద్ధురాలు అక్కడే కుప్పకూలారు. కాపాడబోయిన కూతురూ పడిపోయారు. దగ్గర్లోని మరో ఇంట్లో 15 ఏళ్ల బాలిక కూడా అలాగే ప్రాణాలు కోల్పోయింది. భూగర్భ డ్రైనేజీలోంచి ఎగదన్నిన విషవాయువు మరుగుదొడ్ల గుండా ఇళ్లలోకి వచ్చింది. మ్యాన్‌హోల్‌లోకి దిగే కార్మికులు చనిపోవడం మన దేశంలో తరచూ వినే వార్తే. ఇక్కడ మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లే చనిపోయారు.

యానాం ప్రజలకు ఇది పక్క రాష్ట్రం వార్త కాదు. వాళ్ల ప్రభుత్వం నడిచేదీ పుదుచ్చేరి నుంచే.

ముక్కును నమ్మలేం

మురుగులో పుట్టే వాయువుల్లో అత్యంత ప్రమాదకరమైనది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో ఒక్క పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) లేకపోయినా ముక్కు పసిగడుతుంది. కానీ 100 పీపీఎం దగ్గరికి చేరేసరికి వాసన తెలిసే శక్తి పోతుంది. వాసన పోయింది కదా, ప్రమాదం తప్పిందనుకుంటారు. ఇంకా పెరిగి 700 పీపీఎం దాటితే ఒకటి రెండు శ్వాసలకే మనిషి పడిపోవచ్చు. ఇది గాలికన్నా బరువైనది కాబట్టి గుంతల్లో, మూసి ఉన్న గదుల్లో నేలకు దగ్గరగా పేరుకుంటుంది.

అందుకే యంత్రం కావాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న చేతి డిటెక్టర్లలో ఎక్కువగా ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు ఉంటాయి. బాగానే పనిచేస్తాయి. అయితే రెండు మూడేళ్లకు సెన్సర్ మార్చాలి, మధ్యమధ్యలో సరిచూడాలి. ప్రతి మ్యాన్‌హోల్‌కూ ఒకటి చొప్పున పెట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

బంగారం పూసిన గొట్టాలు

కార్బన్ నానోట్యూబ్‌లపై ఆశ పుట్టింది ఇక్కడే. వెంట్రుకకన్నా వేల రెట్లు సన్నని ఈ గొట్టాలను 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఈజిమా లోకం దృష్టికి తెచ్చారు. వాయువు తగిలితే వీటిలో ప్రవహించే విద్యుత్తు మారుతుందని 2000లో స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్జీ డై బృందం చూపించింది. గొట్టమంతా ఉపరితలమే కాబట్టి కొద్దిపాటి అణువులు అంటుకున్నా తేడా తెలుస్తుంది.

చిక్కేమిటంటే, ఉత్త గొట్టానికి అన్ని వాయువులూ పట్టవు, పట్టినవాటిలో ఏది ఏదో తేల్చుకోలేదు. ఆ పని లోహం చేస్తుంది. పల్లాడియం రేణువులు అద్దితే హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది. బంగారానికి గంధకమంటే ఇష్టం కాబట్టి, బంగారు రేణువులు అద్దిన గొట్టాలు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పీపీఎం కన్నా చాలా తక్కువ మోతాదులోనే గుర్తించినట్టు పరిశోధనలు వచ్చాయి. వేడి చేయనక్కర్లేదు, విద్యుత్తూ స్వల్పమే.

ఇదంతా ప్రయోగశాల మాట. మురుగు కాలువలో తేమ విపరీతం. తేమ సెన్సర్ లెక్కను తప్పిస్తుంది. బంగారానికి అంటుకున్న గంధకం అంత తేలిగ్గా వదలదు, కాబట్టి సెన్సర్ మళ్లీ మామూలు స్థితికి రావడానికి సమయం పట్టవచ్చు. ఒకే తీరున చేసిన రెండు సెన్సర్లు ఒకే అంకె చూపించడమూ కష్టమే. పుదుచ్చేరి శివారు కాలాపేటలోని పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో నానోసైన్స్ కేంద్రం ఉంది. ఇలాంటి సెన్సర్లకు అసలైన పరీక్ష ఆ ఊరి మురుగు కాలువల్లోనే జరగాలి.

మోగినా వినేదెవరు?

అయితే రెడ్డియార్‌పాళయం మరణాలకు నానో సెన్సర్ లేకపోవడం కారణం కాదు. మరుగుదొడ్డి కింద వంపు గొట్టంలో నిలిచే కాసిన్ని నీళ్లే వాయువును ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. డ్రైనేజీకి గాలి గొట్టాలు, పూడికతీత కూడా అంతే పాత పరిష్కారాలు. పాకీ పని నిషేధ చట్టం కింద 2013లో వచ్చిన నిబంధనలు కార్మికులకు గ్యాస్ మానిటర్ ఇవ్వాలని అప్పుడే చెప్పాయి. ఇళ్లకు మాత్రం అలాంటి రక్షణ లేదు.

తెలుగువారికి మరో ఉదాహరణ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ప్లాంటులో సైరన్ వ్యవస్థ ఉన్నా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. పరికరం ఉండి కూడా జనం నిద్రలోనే విషం పీల్చారు.

కాబట్టి సెన్సర్ కొనేముందే తేలాల్సినవి కొన్ని ఉన్నాయి. హెచ్చరిక ఎవరి ఫోన్‌కు వెళ్తుంది? ఎన్ని నిమిషాల్లో ఇళ్లు ఖాళీ చేయించాలి? సెన్సర్‌ను ఏటా సరిచూసే బాధ్యత ఏ ఇంజినీరుది? నానోట్యూబ్‌లు చౌకగా వస్తే వీధి వీధికీ కాపలా పెట్టవచ్చు. పై ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ కాపలా కూడా విశాఖ సైరన్‌లా ఉత్త అలంకారమే అవుతుంది. వంపు గొట్టాల తనిఖీకి మాత్రం ఏ పరిశోధన కోసమూ ఆగనక్కర్లేదు.