ఎత్తున ఉన్నవారి ఇఫ్తార్

దుబాయి వెళ్ళిన మన పిల్లలు ఇంటికి పంపే తొలి ఫోటోల్లో బుర్జ్ ఖలీఫా తరచుగా కనిపిస్తుంది. కదిరిలోనో తాడిపత్రిలోనో ఉన్న తల్లి ఆ ఫోటోను ఇరుగుపొరుగుకు చూపి మురిసిపోతుంది. స్తోమత కలిగిన కుటుంబాలు ఇప్పుడు విజిట్ వీసా మీద తామే వెళ్ళి, ఆ కట్టడం ఎక్కి చూసి వస్తున్నాయి. ఇందులో తప్పు లేదు. భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రోత్సహిస్తుంది. అయితే ఆ చూపు మనకు ఏమి నేర్పిందన్నదే ఆలోచించవలసిన విషయం.

2010 జనవరి 4న ప్రారంభమైన ఈ కట్టడం ఎత్తు 828 మీటర్లు. సందర్శకుల కోసం 124, 125, 148 అంతస్తుల్లో వీక్షణ వేదికలు ఉన్నాయి. లిఫ్టు సుమారు ఒక్క నిమిషంలో 124వ అంతస్తుకు చేరుస్తుంది. అక్కడి నుండి ఒకవైపు సముద్రం, మరొకవైపు ఎడారి కనిపిస్తాయి. రహదారులు దారపు పోగుల్లా ఉంటాయి. ఎండలో పని చేసే మనిషి మాత్రం అంత ఎత్తు నుండి కంటికి ఆనడు. ఆ మనిషి మన ఊరి బిడ్డే కావచ్చు.

ఈ కట్టడం గురించి మన ఇళ్ళలో చెప్పుకోదగిన విషయం మరొకటి ఉంది. 2011 రమజాన్‌లో దుబాయి ధర్మవేత్తలు ఒక వివరణ ఇచ్చారు. 80వ అంతస్తుకు పైన ఉన్నవారు నేలమీది వారికన్నా రెండు నిమిషాలు, 150వ అంతస్తుకు పైన ఉన్నవారు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలన్నారు. కారణం సులభమే. ఎత్తుకు వెళ్ళినకొద్దీ దిగంతం మరింత దిగువకు జరుగుతుంది. కింద ఉన్నవారికి అస్తమించిన సూర్యుడు పైవారికి ఇంకా కనిపిస్తూనే ఉంటాడు. కంటికి సూర్యుడు కనిపిస్తుండగా ఉపవాసం విరమించరాదు కదా!

మన అనంతపురం కూడా సముద్రమట్టానికి 300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నదే. అయినా ఆ ఎత్తు కోసం మనం నిమిషాలు కలుపుకోము. ఎందుకంటే చుట్టూ ఉన్న పీఠభూమి అంతా దాదాపు అంతే ఎత్తు. చుట్టుపక్కల నేలకన్నా పైన నిలిచినవారికే ఆ నిరీక్షణ. కింద కూలివాని నోటికి ఖర్జూరం అందిన తరువాతే పై అంతస్తు ధనికుని వంతు వస్తుంది. ఎత్తు అతనికి ముందు వరుసను ఇవ్వలేదు, ఓర్పును విధించింది.

ఎత్తును మరోలా వాడుకోజూసినవాడు ఫిరౌను. మూసా (అలైహిస్సలాం) ప్రభువును తొంగిచూస్తానంటూ, తనకొక ఎత్తైన కట్టడం నిర్మించమని హామానును ఆజ్ఞాపించిన వృత్తాంతం ఖసస్ సూరాలో ఉంది. అతని అహంకారం చివరకు సముద్రంలో మునిగింది. మన హైదరాబాదులో 1591లో నిర్మితమైన చార్మినార్ పై అంతస్తులో మాత్రం ఒక మస్జిదు ఉంది. అక్కడికి చేర్చే మెట్లు 149. అన్ని మెట్లు ఎక్కినవాడైనా సజ్దాలో నుదుటిని నేలకే ఆనించాలి.

ఇక మన ఊళ్ళ సంగతికి వద్దాం. పడమటి కనుమల చాటున ఉన్న ఈ నేలకు నైరుతి వాన సరిగా అందదు. తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య వానా అంతంతమాత్రమే. సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ చేను ఎండిన ఏడు ఇంటిల్లిపాదీ వలస పోవలసిందే. అదే వీధిలో గల్ఫ్ సంపాదనతో లేచిన రెండంతస్తుల మేడ ఉంటుంది. చుట్టుపక్కల వారికన్నా ఎత్తున నిలవడమంటే ఇదే. పొరుగువాడు పస్తులుండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాజాలడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు.

కనుక ప్రయాణానికి టిక్కెట్లు కొనే ముందు మూడు లెక్కలు చూసుకుందాం. ఈ ఏటి జకాత్ చెల్లించామా? బంధువుల్లో అప్పుల పాలైన రైతుకు వడ్డీ లేని చేబదులు ఇవ్వగలమా? పేదబంధువుకు ఇచ్చిన దానానికి దానపుణ్యంతోపాటు బంధుత్వాన్ని నిలిపిన పుణ్యం కూడా దక్కుతుంది. మూడవది, అక్కడ కష్టపడుతున్న బిడ్డకు ఈ ఖర్చు భారం కాదు కదా? అతడు మొహమాటపడి చెప్పకపోవచ్చు, మనమే అడగాలి. దుబాయి చేరాక బుర్జ్ ఖలీఫాకన్నా ముందు అతడు నిద్రించే గదిని, వండుకునే పొయ్యిని చూద్దాం. ఫోటోలో కనిపించనిది అక్కడ కనిపిస్తుంది.

మనకు ఎత్తును ఇచ్చినప్పుడు దానితోపాటు ఓర్పును, దిగువనున్నవారిని చూసే కళ్ళను కూడా అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.