పట్టికలు ముందు, పుటలు తరువాత

మా వార్షిక సంచికలలోని రచనలను వెబ్‌సైటునందు ఉంచవలెనని పై తరగతుల విద్యార్థులు నిరుడు ఒక డేటాబేసును ప్రారంభించిరి. ఉద్దేశము మంచిదే. కాని అందు గలది ఒక్కటే పట్టిక. శీర్షిక, రచయిత పేరు, నివాసము, వ్యాసము, సర్వమును ఒకే వరుసలో నున్నవి. ఇది మాకు సమ్మతము గాదు.

ఒక బాలిక మూడు సంచికలకు వ్రాసినది. ఆమె యింటిపేరు ఒక వరుసలో ముందున్నది, ఒక వరుసలో వెనుకనున్నది, మూడవదానిలో లేనేలేదు. నివాసము ఒకచోట చిక్కడపల్లి, వేరొకచోట చిక్కడ్‌పల్లి. యంత్రము దృష్టికి ఆమె ముగ్గురు బాలికలు. కన్నవారు కుమార్తె రచనలను వెదకినచో ఒకటి మాత్రమే కనబడును. ఇప్పుడు వారు విద్యానగరునకు మారిరి గనుక మూడు వరుసలను దిద్దవలెను.

గ్రంథాలయములలో సభ్యుల పుస్తకము వేరు, గ్రంథముల పుస్తకము వేరు. గ్రంథమును ఇంటికిచ్చునపుడు మూడవ పుస్తకమున రెండు సంఖ్యలు వ్రాసిన చాలును. 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ ప్రకటించిన పట్టికల పద్ధతియందును సంబంధము ఇట్లే కుదురును. రచయితలకు ఒక పట్టిక, రచనలకు ఒక పట్టిక యుండవలెను. ఇరువురు కూడి నాటిక వ్రాసినచో వారిని దానితో కలుపుటకు మరియొకటి కావలెను.

ఇంతకంటె ముఖ్యమైనది కూర్పుల పట్టిక. నిరుడు మేమే ఒక బాలుని వ్యాసములో అతని యవ్వ వాడుమాట నొకదానిని తప్పని తలచి మార్చితిమి. అది తప్పు గాదని ఆమె చెప్పి పంపినది. చూడగా మొదటి వాక్యము లేదు. బాలునికిని జ్ఞాపకము లేదు.

2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో ఇట్లు జరుగదు. అచ్చట పుటల పట్టికలో శీర్షికయు, తాజా కూర్పు సంఖ్యయు నుండునే గాని వ్యాసముండదు. దిద్దినపుడెల్ల కూర్పుల పట్టికలో కొత్త వరుస చేరును, పాతది నిలిచియుండును. ఎవరు, ఎప్పుడు దిద్దిరో అందే తెలియును. ఉపాధ్యాయులను సైతము ఇట్లు లెక్క అడుగు పుస్తకము మాకు ఇష్టమే.

గడుల పరిమాణమును గూర్చి ఒక మాట. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటి 3 బైట్లు. లక్ష్మి అను పేరును ఆంగ్లలిపిలో వ్రాసిన 7 బైట్లు, తెలుగులో 7 సంకేతములకు 21 బైట్లు. వికీపీడియా శీర్షికకు 255 బైట్లు గలవు, అనగా మనకు 85 సంకేతములే. మన విద్యార్థులు శీర్షికకు 50 బైట్లుంచిరి! వారి వ్యాసముల పేర్ల పొడవు మేమెరుగుదుము.

చిన్న పాఠశాలకు ఇన్ని పట్టికలేల యని వారందురు. పని పెరుగుననుట నిజమే. అయినను పాత సంచికలన్నియు ఎక్కించిన పిమ్మట విడదీయుట మరింత కష్టము. ఇప్పటికి ఎక్కినవి మూడు సంచికలే. వేసవి సెలవులకు ముందు పట్టికలను కాగితముపై గీసి తెచ్చినచో మేమును వారితో కూర్చుండెదము.