గ్రూపు నోరు మూయించడం పరిష్కారం కాదు

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు ఎక్కువైపోతున్నాయని ఫిర్యాదు రాగానే చాలా సంఘాలు చేసే పని ఒక్కటే. సెట్టింగ్స్ మార్చేసి, అడ్మిన్లు తప్ప ఇంకెవరూ ఏమీ పెట్టడానికి వీల్లేకుండా చేస్తాయి. 2018లో వాట్సాప్ ఈ వెసులుబాటు తెచ్చినప్పటి నుంచి, గ్రూపు ప్రశాంతంగా ఉండాలంటే ఇదే దారి అన్న నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకం తప్పు.

ఫిర్యాదులో నిజం లేకపోలేదు. పొద్దున్నే గులాబీల శుభోదయాలు, పండగ బొమ్మలు, ఊరూపేరూ లేని ఫార్వర్డ్‌లు వరసగా వచ్చిపడుతుంటే, ‘రేపు సంపు కడుగుతున్నారు, మధ్యాహ్నం దాకా నీళ్లు రావు’ అన్న కబురు వాటి అడుగున పడిపోతుంది. తెల్లారి కుళాయి తిప్పాక గానీ విషయం తెలియదు. కానీ ఈ రద్దీకి కారణం పదేపదే పోస్టు చేసే కొద్దిమంది. శిక్ష మాత్రం అందరికీ పడుతోంది.

పైగా అపార్ట్‌మెంట్‌లో అవసరమైన సమాచారం చాలామటుకు నివాసుల నుంచే కమిటీకి చేరాలి. లిఫ్టు మధ్యలో ఆగిపోయిందనీ, సెల్లార్లోకి వాన నీళ్లు వస్తున్నాయనీ ముందు తెలిసేది అక్కడున్నవాళ్లకే. ఓనర్లు నేరుగా ప్రెసిడెంటుకు ఫోన్ చేయగలరు. అద్దెకున్నవాళ్లకు ఆ చనువు ఉండదు, చాలాచోట్ల వాళ్లను మీటింగులకూ పిలవరు. వాళ్లు నలుగురిలో మాట చెప్పుకోగల చోటు ఆ గ్రూపే. దాన్ని మూసేసి, ‘ఏదైనా ఉంటే అడ్మిన్‌కు విడిగా చెప్పండి’ అంటే, పది ఇళ్ల సమస్య పది విడివిడి ఫిర్యాదులుగా చీలిపోతుంది. పక్కింట్లోనూ అదే బాధ ఉందని ఎవరికీ తెలియదు.

ఎవరో ఏదో పెడితే కేసు తమ మీదికి వస్తుందన్న భయం కూడా అడ్మిన్లలో ఉంది. సభ్యుడి పోస్టుకు, కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన ఒకరిని నేరబాధ్యుడిని చేయలేమని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అభ్యంతరకరమైన పోస్టును అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలు కూడా అడ్మిన్లకు 2022లోనే వచ్చింది. ఒక పోస్టు తీసేస్తే సరిపోయేచోట అందరి నోళ్లూ మూయించనక్కర్లేదు.

రద్దీ తగ్గించడానికి వేరే మార్గాలున్నాయి. ప్రకటనలకు ఒక గ్రూపు, మాటామంతీకి ఇంకొకటి విడిగా పెట్టుకోవచ్చు. మొదటి దానికి అడ్మిన్ల కట్టడి సబబే, రెండోది తెరిచే ఉండాలి. మెసేజ్ మొదట్లోనే విషయమేమిటో, ఏ బ్లాకు గురించో రాసే అలవాటు చేయాలి. ‘నాకూ ఓకే’లు యాభై పడకుండా పోల్ పెట్టాలి. శుభోదయాలు ఆపనివారికి కమిటీవాళ్లు విడిగా, మర్యాదగా చెప్పాలి. టైపు చేయడం రాని పెద్దవాళ్ల వాయిస్ మెసేజ్‌లను విసుగ్గా చూడకూడదు. విన్నవాళ్లెవరైనా కింద ఒక్క వాక్యం రాసిపెడితే మిగతావాళ్లకు వినే పని తప్పుతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం ముఖ్యమైన కబురు లిఫ్టు పక్కన కాగితం మీద కూడా ఉండాలి.

ఇవన్నీ చేసినా కొంత గోల మిగులుతుంది. అది భరించలేనివారికి మ్యూట్ ఉండనే ఉంది. ఇప్పటికే గ్రూపు మూసేసిన సంఘాలు వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ విషయం చేర్చాలి. అద్దెకున్నవాళ్లను కూడా పిలిచి, వాళ్లు చెప్పేది విన్నాకే నిర్ణయం తీసుకోవాలి.