ఎవరి గుట్టు కాపాడే చట్టం ఇది?

బాన్సువాడలో మా వెనక వీధిలో బీడీలు చేసే అక్క ఒకామె ఉంది. ఒంటరి మహిళల పింఛనుకు దరఖాస్తు పెట్టాలి, తోడు రమ్మంటే వెళ్ళాను. "మొగడు సచ్చిండా, ఇడిసిపెట్టిండా?" అని పదిహేను మంది ముందు అడిగాడు అక్కడున్నాయన. "ఎన్నేండ్లాయె? ఎందుకిడిసిండు?" అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నిటికీ జవాబు చెప్పింది. ఆధార్, పాసుబుక్కు, ఫొటో, ఫోన్ నంబరు ఇచ్చింది. నాలుగు రోజులకి రాత్రి ఫోన్లు మొదలయ్యాయి. "ఒక్కదానివే ఉంటవట గదా..." నంబరు ఎవరి చేతుల్లోంచి జారిందో ఎవరు చెప్తారు?

నెలలు గడిచినా పింఛను రాలేదు. ఎవరెవరికి మంజూరైందో జాబితా చూపించమని అడిగాం. అది ఇతరుల వ్యక్తిగత సమాచారం, ఇవ్వకూడదన్నారు!

పదిహేను మందిలో అక్క కాపురం గుట్టు విప్పించినప్పుడు గుర్తురాని గోప్యత, జాబితా అడగ్గానే గుర్తొచ్చింది. ఇది ఒక గుమాస్తా తెలివి అనుకున్నాను. కాదు, చట్టమే అలా తయారైంది.

2005 నాటి సమాచార హక్కు చట్టం, సెక్షన్ 8(1)(జె), వ్యక్తిగత వివరాలకి రక్షణ ఇస్తూనే ఒక కిటికీ తెరిచి ఉంచింది. ప్రజాకార్యకలాపాలతో సంబంధం లేనిదైతేనో, ఒకరి ఏకాంతంలోకి అకారణంగా చొరబడేదైతేనో సమాచారం ఆపవచ్చు. అప్పుడు కూడా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలి. శాసనసభకి కాదనలేనిది సామాన్యులకీ కాదనకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ మాటలన్నీ కొట్టేసింది. "వ్యక్తిగత సమాచారం" అన్న ముక్క ఒక్కటే మిగిలింది. 2025 నవంబరు నుంచి అదే అమలు. 8(2) కింద ప్రజాప్రయోజనం ఇంకా ఉందిగా అంటారు. ఉంది. దాన్ని నిరూపించుకుంటూ అప్పీళ్ళ మీద అప్పీళ్ళకి తిరగాలంటే అక్క ఎన్ని రోజుల బీడీలు మానుకోవాలి?

పోనీ, నంబరు బయటికి పోయినందుకు ఆమెకేం దక్కుతుంది? కొత్త చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అదంతా ప్రభుత్వ ఖజానాకే. నష్టపోయిన మనిషికి ఒక్క రూపాయి లేదు. ఫిర్యాదు తప్పుడుదని తేలిస్తే మాత్రం ఆమెకే పదివేల దాకా జరిమానా! భద్రత, శాంతిభద్రతల పేరు చెప్పి తన సంస్థల్ని చట్టం నుంచి మినహాయించుకునే వీలు కూడా కేంద్రం ఉంచుకుంది.

గోప్యత మనకి శత్రువు కాదు. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, కాపురానికి రమ్మని భార్యని కోర్టు ద్వారా బలవంతపెట్టే హిందూ వివాహచట్టం సెక్షన్ 9ని కొట్టేశారు. తన శరీరం మీద నిర్ణయం స్త్రీదే అనీ, అది ఆమె గోప్యతా హక్కనీ అన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని మళ్ళీ నిలబెట్టింది. గోప్యత ప్రాథమిక హక్కే అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చడానికి 2017 దాకా పట్టింది. ఇంటి గుట్టు పేరుతో దెబ్బలు దాచుకోమనే గోప్యత వేరు, సరిత అడిగిన గోప్యత వేరు. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసిన రోజుల్లో ఈ తేడా నాకు పేజీ పేజీలో తగిలేది.

ఆడవాళ్ళ పేర్లు గోడకెక్కించడం ప్రమాదం కాదా అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన భయమే. పేరు, మంజూరైన సొమ్ము, తేదీ అందరికీ తెలియాలి. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లు ఊరి ముందు చదివి వినిపించబట్టే కదా దొంగ పేర్లు బయటపడ్డాయి! ఫోన్ నంబరూ, ఆధారూ, మొగుడెందుకు వదిలేశాడన్నదీ ఎవరికీ అక్కర్లేదు. పాత 8(1)(జె)ని తిరిగి తేవాలి. నష్టపరిహారం బాధితురాలి చేతికి రావాలి. విచారణ నలుగురిలో కాదు, తలుపు వేసిన గదిలో, వీలైతే ఒక స్త్రీ చెయ్యాలి. వీటికి కోట్లు ఖర్చవుతాయా?

అక్క సిమ్ము విరిచి పారేసింది. పోయిన వారం మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఫోన్ నంబరు గడి దగ్గర ఆగి, "నీది రాయి చెల్లె" అంది. రాశాను.