వాగులో పోవునది కొండయే

తొలకరికి వాగు ఎర్రగా పారినచో కొత్త నీరని సంతోషింతుము. ఆ ఎరుపు ఎక్కడిది? నర్సీపట్నం చుట్టునున్న కొండలలో ఖోండలైటు రాయి విస్తారము. ఒకప్పటి బంకమన్ను, సుమారు 100 కోట్ల యేండ్ల క్రిందట భూగర్భపు వేడికి, ఒత్తిడికి ఇట్లు మారినది. అందలి గార్నెట్టు గింజలలో ఇనుము కలదు. గాలికి, వానకు అది త్రుప్పు పట్టగా రాయి మెత్తబడి మన చేల ఎర్రమన్నైనది.

అంగుళము మన్ను తయారగుటకు వందల యేండ్లు పట్టును. వాలు వెంట దున్నిన చేనిలో కొద్ది యేండ్లకే అది కొట్టుకొనిపోవును. వాగు మన్ను దిగువ చేలకు ఎరువే కదా యనువారున్నారు, నేనొప్పుకొనను. తాండవ ఎగువ వాలులు కోసికొనిపోయిన మన్ను జలాశయమున మేటవేసి, ఆయకట్టు నీటినే తగ్గించును. వాలుకు అడ్డముగా దున్నవలెను. తెగిన గట్లను గ్రామోద్యోగులు తొలకరికి ముందే చూచి పూడ్పించవలెను.