మోటారు కారులో అదనపు తీగె

కారు కొన్నవారు దానిని ఉన్నది ఉన్నట్లు ఉంచుకోవడం అరుదు. ఒకప్పుడు టేప్ రికార్డరు, జోడు హారను, ముందువైపు అదనపు దీపాలు. నేడు అద్దానికి అంటించే కెమెరా, సెల్‌ఫోను చార్జరు. ఈ ముచ్చటను మేము తప్పుపట్టము. వాటికి కావలసిన విద్యుత్తును ఎక్కడి నుండి, ఏ విధంగా తెస్తున్నారన్నదే మా ప్రశ్న. తరచుగా జరిగేది ఇది: డాష్‌బోర్డు క్రింద చేతికందిన తీగెను పట్టి, పై తొడుగును పంటితో ఒలిచి, కొత్త తీగెను దానికి మెలివేసి, నల్ల టేపు చుట్టివేస్తారు. పరికరం పనిచేస్తుంది. డబ్బు చేతులు మారుతుంది.

“12 వోల్టులే కదా!” అన్న ధీమా చదువుకున్నవారిలో సైతం ఉన్నది. చేతికి షాకు తగలదన్నంత వరకు అది నిజమే. కాని తీగెను వేడెక్కించేది దానిలో పారే ప్రవాహం. ఇంట్లో 230 వోల్టులపై వెలిగే 60 వాట్ల బల్బు పావు ఆంపియరుకు కొంచెం మించి తీసుకుంటే, కారులో అదే 60 వాట్లకు 5 ఆంపియర్లు కావలెను. వోల్టులు తగ్గినకొద్దీ తీగెపై భారం పెరుగుతుందన్న మాట! ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుందన్న జౌల్ నియమాన్ని మనమందరం పరీక్షలలో వ్రాసి మార్కులు పొందినవారమే. స్టార్టరును త్రిప్పే బ్యాటరీ నూరు ఆంపియర్లకు మించి ఇవ్వగలదు. ఒరుసుకొని తొడుగు పోయిన తీగె ఇనుప బాడీకి తగిలిన క్షణాన ఆ శక్తి అంతా ఆ సన్నని రాగిపై పడుతుంది.

ఫ్యూజు పరికరాన్ని కాపాడడానికే ఉన్నదని పలువురి భావన. అది ముఖ్యంగా కాపాడేది తీగెను. నేటి కార్లలో ఎర్రని ఫ్యూజు 10, నీలిది 15, పసుపుది 20 ఆంపియర్లకు గుర్తు. ఆ అంకె ఆ మార్గంలోని తీగె మందాన్ని చూచి నిర్ణయించినది. 10 ఆంపియర్ల మార్గానికి 55 వాట్ల దీపాలు రెండు అతికించితే 9 ఆంపియర్లకు పైగా అదనపు భారం పడుతుంది. ఫ్యూజు పోతుంది; పోవడమే దాని ధర్మం. వెంటనే దాని స్థానంలో 20 ఆంపియర్లది, లేదా సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం! దీనిని మేము అజ్ఞానమని సరిపెట్టుకోలేము, అపరాధమనే అంటాము. ఎందుకనగా ఇకపై ఆ మార్గంలో ముందుగా కాలవలసినది తీగెయే.

సరియైన పద్ధతి కష్టమైనది కాదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగెను విప్పివేయవలెను. పెద్ద దీపాలకు బ్యాటరీ పాజిటివ్ నుండే వేరొక మందపు తీగె తెచ్చి, జానెడు దూరంలోపే దానికి ఫ్యూజు అమర్చవలెను. ఫ్యూజుకు ముందున్న తీగెకు రక్షణ లేదు గనుక ఆ భాగం ఎంత పొట్టిదైతే అంత మేలు. తరువాత రిలే: 30వ పిన్నుకు బ్యాటరీ తీగె, 87కు దీపాలు, 85, 86లకు స్విచ్చి మార్గం. అప్పుడు స్విచ్చి గుండా పారేది ఒక ఆంపియరులో స్వల్ప భాగమే. తీగె ఇనుప రేకును దాటే చోట రబ్బరు తొడుగు తప్పనిసరి. కెమెరా వంటి చిన్న వాటికి ఫ్యూజు పెట్టెలో గుచ్చే, రెండు ఫ్యూజులు పట్టే ట్యాపు చాలును. అది తాళం చెవి తీయగానే ఆగిపోయే మార్గమై ఉండవలెను. పావు ఆంపియరు తీసుకునే కెమెరా రోజుకు 6 ఆంపియర్-గంటలు త్రాగుతుంది. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ వారం నిలువదు.

నింద అంతా షెడ్డులోని ఉస్తాద్‌పై వేయడం అన్యాయం. రిలే ధర వినగానే “అదెందుకు, డైరెక్టు ఇచ్చేయి” అనేది కారు యజమానియే. ఉస్తాద్ చేతిలో విద్య ఉన్నది, మన పుస్తకంలో కారణం ఉన్నది, రెండూ కలుసుకొనవు. మన ఫిజిక్సు ప్రయోగశాలలో మీటరు బ్రిడ్జి ఉన్నది గాని కారు ఫ్యూజు పెట్టె లేదు. అటువంటి ఉస్తాద్‌ను ఒక పూట పిలిపించి, ఆయన ఉర్దూలో చెప్పినా తెలుగులో చెప్పినా, విద్యార్థుల ముందు ఒక రిలే కట్టించవలెనని మా కోరిక. కొత్త కార్లలో పసుపు తొడుగు వేసిన తీగెలు ఎయిర్‌బ్యాగులవని, వాటిపై టెస్టు ల్యాంపు సైతం ఆనించరాదని ఆయన ద్వారానే మన పిల్లలు వినడం మంచిది.